మూడున్నర ట్రైను

“మీ ట్రైను ఇదే. ఎక్కేయండి” అన్నాడు ముసలాయన, ఇంగ్లీషులో.

కార్క్ స్టేషన్లో మూడున్నర ట్రైను కదలడానికి సిద్ధంగా ఉంది. వసుంధర చేతికర్ర ఆనించి బెంచీ మీద నుంచి లేవబోయింది.

అనంతరామ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. “మనది నాలుగింటిది. కూర్చో.”

“ఆయనెవరో పిలుస్తున్నాడండీ.”

“పిలిచినవాళ్లందరి వెంటా వెళ్తే ఇంక ప్లానెందుకు?”

ఆ ప్లాను కోసం అనంతరామ్ మూడు నెలలు కూర్చున్నాడు. నార్వేలో వాళ్లెక్కిన విహార ఓడ ఐర్లండులో కోవ్ అనే రేవు దగ్గర ఒక్క పగలు ఆగుతుంది. ఓడవాళ్ల బస్సెక్కి గుంపుతో తిరగడం ఆయనకు నామోషీ. అందుకని సొంతంగా ట్రైనులో ఈ కార్క్ ఊరికి వచ్చి, అక్కడ మందుల ఫ్యాక్టరీలో పనిచేసే వసుంధర అక్క కూతురు రుచితతో కలిసి భోంచేశారు. ఆ పిల్ల డ్యూటీకి వెళ్లిపోయింది. ఇక నాలుగింటి ట్రైనెక్కితే అరగంటలో కోవ్. అయిదింటికల్లా ఓడలో ఉండాలి. అంతా నిమిషాలతో సహా కాగితం మీద రాసి ఉంది.

ముసలాయన వసుంధర మెడలో వేలాడుతున్న ఓడ కార్డు చూశాడు. “మీ ఓడ టైము వేరండీ. వాళ్లు ఇక్కడికొచ్చినా గడియారం మార్చరు.”

“నా ఫోన్ దానంతటదే మారుతుంది. థాంక్యూ” అన్నాడు అనంతరామ్.

“ఫోన్ సంగతి కాదు. ఓడ...”

“థాంక్యూ!”

ఆ రెండో థాంక్యూకి అర్థం ఏ దేశంవాళ్లకైనా తెలుస్తుంది.

ముసలాయన ఒక కాలు ట్రైనులో పెట్టాడు. తిరిగి వసుంధర వైపు, ఆమె చేతికర్ర వైపు చూశాడు. ఏమనుకున్నాడో, వెనక్కి దిగిపోయాడు. తలుపులు మూసుకుని ట్రైను వెళ్లిపోయింది.

ఆయన అవతలి బెంచీ మీద కూర్చుని ఎవరికో ఫోన్ చేశాడు.

“చూశావా? అంత తొందరైతే తనెందుకు ఎక్కలేదు?” అన్నాడు అనంతరామ్. “తన మనుషులకెవరికో చెప్తున్నట్టున్నాడు. బ్యాగ్ జాగ్రత్త.”

వసుంధర బ్యాగును రెండు చేతులా పొట్టకు హత్తుకుంది.

నాలుగింటి ట్రైనులోనూ ఆయన వాళ్ల ఎదుటి సీట్లోనే కూర్చున్నాడు.

ట్రైను కదిలాక వసుంధర బీపీ మాత్ర కోసం వాచీ చూసుకుంది. “ఏమండీ, నా వాచీలో అయిదు దాటింది.”

“నీది నార్వే టైము. మార్చుకోమన్నాను కదా.”

“పొద్దున ఓడలో ఈ వాచీ ప్రకారమే కదండీ టిఫిన్ పెట్టారు?”

అనంతరామ్ ఓడవాళ్లిచ్చిన కాగితం తీశాడు. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది, వేళలన్నీ ఓడ గడియారం ప్రకారమని.

అంటే, ఓడలోకి చేరాల్సిన వేళ అప్పుడే దాటిపోయింది. ఓడ కదిలేది ఇక్కడి లెక్కన నాలుగున్నరకి. ఈ ట్రైను చేరేదే నాలుగూ ఇరవై అయిదుకి!

పాస్‌పోర్టులు ఓడ గదిలో ఉన్నాయి. వసుంధర షుగరు మందులూ అక్కడే. రేపు తెల్లారేసరికి ఓడ ఇంకో దేశంలో ఉంటుంది. ఈ దేశంలో వాళ్ల దగ్గర మిగిలే కాగితం అనంతరామ్ రాసుకున్న ప్లాను ఒక్కటే.

ట్రైను మధ్యలో స్టేషను కనిపిస్తే చాలు ఆగుతోంది. ఎవరో ఒక్కరు దిగడానికి ఇంతసేపా అని వసుంధరకు ఏడుపొచ్చింది.

“కంగారు పడకండి. అంతా గ్రాండ్, ఏం ఫరవాలేదు. ఓడ ఎక్కడికీ పోదు” అన్నాడు ముసలాయన.

వసుంధరకు ఒళ్లు మండిపోయింది.

“పోదని మీకేం తెలుసు? ఓడేమైనా మీ సొంతమా?” వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని అరిచింది. “మేం చస్తుంటే మీకు వేళాకోళంగా ఉందా?”

ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

కోవ్‌లో దిగేటప్పుడు ఆయన చెయ్యి అందించాడు. ఆమె విదిలించుకుని దిగింది.

మోకాలు సలుపుతున్నా, అనంతరామ్ భుజం పట్టుకుని కుంటుకుంటూ పరుగు లాంటిది తీసింది. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. వెనక్కి చూస్తే ముసలాయన జేబుల్లో చేతులు పెట్టుకుని, షికారుకు వచ్చినట్టు నడుస్తున్నాడు. ఇంత మనసు లేని మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

రేవు చేరేసరికి నాలుగూ నలభై.

ఓడ అక్కడే ఉంది! ఎక్కే వంతెన కూడా తియ్యలేదు.

పైకెక్కగానే వసుంధర కూలబడిపోయింది. అనంతరామ్ ఓడ ఉద్యోగినికి చేతులెత్తి దండం పెట్టాడు. “మా కోసం ఆపారా అమ్మా?”

“ఎవరి కోసమూ ఆపరు సార్” అందామె వాళ్ల కార్డులు చూస్తూ. “మీ అదృష్టం బాగుంది. పైలట్ ఇంకా రాలేదు. రేవులోంచి సముద్రంలోకి ఓడను దాటించేది ఆయనే. ఆయన లేకుండా కెప్టెన్ అంగుళం కూడా కదిలించడు.”

“ఆలస్యమైందా ఆయనకి?”

“ఇరవై ఆరేళ్లలో ఒక్క నిమిషం ఆలస్యం లేదట. ఇవాళ మూడున్నర ట్రైను అందలేదని ఫోన్ చేశాడు. కెప్టెన్ మండిపడుతున్నాడు. అడుగో, వస్తున్నాడు.”

వసుంధర రెయిలింగ్ పట్టుకుని లేచి కిందికి చూసింది. జేబుల్లో చేతులు పెట్టుకుని వంతెన ఎక్కుతున్నది ఆ ముసలాయనే.

ఆ ట్రైనులో ఆయన కాలు పెట్టి కూడా వెనక్కి దిగడం ఆమె కళ్లారా చూసింది.