తుమ్మి పూల తేనె

"ఉమ్మించమ్మా! ముందు ఆ పాప చేత ఉమ్మించు!"

కారు తలుపైనా వెయ్యకుండా అరుస్తూ పరుగెత్తుకొచ్చింది నీరజ. గుట్ట మీది పాత గుళ్ల బాగోగులు చూసే ఆఫీసరు ఆమె. కూలిన మండపం నీడలో కూర్చున్న నాగరాణికి ఏమీ అర్థం కాలేదు. ఆరేళ్ల కూతురు నీలను వెంటబెట్టుకుని, గొర్రెలు తోలుకుని రోజూ వచ్చేదే ఆమె ఇక్కడికి. సూర్యాపేట నుంచి అరగంట దారి. ఆ గుళ్లు ఏ రాజు కట్టించాడో ఊళ్లో ఎవరూ చెప్పలేరు. శివరాత్రి వెళ్లిందో లేదో, విరిగిన నందుల చుట్టూ, పడిపోయిన స్తంభాల మధ్య సందు దొరికిన చోటల్లా తుమ్మి పూలు తెల్లగా విరగబూశాయి. నీల ఒక్కొక్క పువ్వే తెంపి నోట్లో పెట్టుకుని తేనె జుర్రుతోంది.

"తుమ్మి పూలే గద మేడమ్. సిన్నప్పుడు మేం గూడ గిట్లనే తాగినం. ఏమైతది?"

"నిన్ననే వీటి మీద గడ్డి మందు కొట్టించాం! రేపు పెద్ద సార్లు వస్తున్నారు, రాళ్లు కనబడాలని. ఏం లింగస్వామీ, ఈమెకు చెప్పలేదా?"

గుట్ట కాపలాదారు లింగస్వామి కర్రతో నేల గీస్తూ చూపు పక్కకు తిప్పుకున్నాడు.

గడ్డి మందు అన్న మాట చెవిన పడగానే నాగరాణి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మందు మింగి దవాఖానకు పోయినవాళ్లు తిరిగి ఇంటికి రావడం ఆమె ఎన్నడూ చూడలేదు. బిడ్డను ఒళ్లోకి లాక్కుని గొంతులో వేళ్లు పెట్టింది. నీల ఓకరించి, గుక్క పెట్టి ఏడ్చింది.

"ఎన్ని తాగినవే? సెప్పు బిడ్డా, ఎన్ని తాగినవ్?"

"శానా."

నాగరాణికి పిల్ల పెదాలు నల్లబడుతున్నట్టే కనిపించాయి. నలభై గొర్రెలూ అదే గడ్డి మేస్తున్నాయన్న సంగతి తోచనే లేదు. భర్త జానయ్యకు ఫోను కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. ఎత్తలేదు.

"గీ మనిషికి గిప్పుడే నిద్ర పట్టాల్నా!" అని ఫోను కొంగులో చుట్టి దోపింది.

"నా కారెక్కు, ఆస్పత్రికి వెళ్దాం" అంది నీరజ. డాక్టరుకు చూపించడానికని వంగి ఒక తుమ్మి మొక్కను పీకింది. పీకి, అక్కడే ఆగిపోయింది. మొక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"లింగస్వామీ, నిన్న పొద్దున్నే కొట్టానన్నావు కదా? ఈపాటికి మాడిపోవాలి. ఒక్క ఆకు కూడా వాడలేదేం?"

లింగస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు. నాగరాణి లేచి వెళ్లి అతని చొక్కా పట్టుకుంది.

"సెప్పన్నా! నీకు దండం పెడ్త. నా బిడ్డ పానం పోతది!"

"పోదు చెల్లె. ఏం గాదు." అతను తల దించుకున్నాడు. "నేను కొట్టింది ఉత్త నీళ్లు."

నాగరాణి ఏడ్చిందో నవ్విందో ఆమెకే తెలియదు. లింగస్వామి రొమ్ము మీద రెండు గుద్దులు గుద్ది, "సచ్చినోడా, గీ ముక్క ముందే సెప్పొద్దా" అని, మళ్లీ ఆ చేతులతోనే అతనికి దండం పెట్టింది. బిడ్డను ఎత్తుకుని ముఖమంతా ముద్దులు పెట్టింది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఇగ తాగొచ్చా అమ్మా?" అంది నీల, వెక్కుతూనే.

నీరజ మాత్రం వదల్లేదు. "మరి నేను తెచ్చిచ్చిన మందు డబ్బా ఏది?"

"అమ్ముకున్న మేడమ్. తప్పయింది. నౌకరీ తియ్యకుండ్రి."

"ఎవరికి అమ్మావు?"

లింగస్వామి నాగరాణి వైపు తిరిగాడు. ఇంక దాచేదేముంది అన్నట్టు చెప్పేశాడు.

"మీ జానయ్యకే చెల్లె. ఇయ్యాల పొద్దుగాలనే వచ్చి తీస్కపోయిండు. మా చేన్ల గడ్డి బాగ పెరిగిందన్నడు. నీకు మాత్రం సెప్పొద్దన్నడు."

నాగరాణి చెయ్యి కొంగులోని ఫోను మీదికి పోయింది.

"మాకు చేనెక్కడిదన్నా? గుంటెడు భూమి గూడ లేదు గద!"