మౌలాలీ మొలలు

"ఆర్నెల్ల నుంచి రక్తం పడతా ఉంది సార్. మొలలే. మందు రాసియ్యండి, మాచర్ల బస్సుకి పోతా," అన్నాడు లారీ మెకానిక్కు మౌలాలీ.

నరసరావుపేట డాక్టరు ఒప్పుకోలేదు. "మొలలనుకుని క్యాన్సరు ముదరబెట్టుకున్నవాళ్లను చూశాను. బల్లెక్కు."

మౌలాలీ పళ్లు బిగబట్టి పరీక్ష చేయించుకున్నాడు.

"మొలలూ లేవు, రక్తమూ లేదు. నీకేం లేదయ్యా!" డాక్టరు గ్లవుజు విప్పాడు. "పొగ తాగుతావా?"

"వాసనే పడదు సార్."

"మంచిది. పొగతో ముప్పు పెరుగుతుంది. అయినా మలద్వారం క్యాన్సరు మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ."

లుంగీ కట్టుకుంటున్న మౌలాలీ చేతులు ఆగిపోయాయి.

"సార్, లేడీ డాక్టరమ్మ ఉందా? రక్తం పడేది బయట కూర్చున్న మా ఆడమనిషికి. ఖాతూన్ బీ చానా సిగ్గుపడతందని, ఆమె బదులు నేను చూపించుకున్నా."