దయ్యం తలుపెందుకు తట్టదు?

మధ్యాహ్నం ఫోను వస్తే డ్వేన్ గరాజ్‌లోకి పోయి, తలుపేసుకుని మాట్లాడాడు. బయటికొచ్చేసరికి భార్య మార్లిస్ కాఫీ కప్పుతో నిలబడి ఉంది.

"ఎవరు?"

"రాంగ్ నంబరు."

"రాంగ్ నంబరుతో ఇంతసేపు మాట్లాడే మనిషిని నిన్నే చూశాను," అని కప్పు చేతిలో పెట్టి, ఆవిడ కోటు తొడుక్కుంది. చాక్లెట్లు చాలేలా లేవు, ఎదురింట్లో అడిగి వస్తానంది.

డ్వేన్ కప్పు పక్కన పెట్టేశాడు. ఈ ఏడు దయ్యం రాదు. దయ్యానికి నూట రెండు జ్వరం.

అమెరికాలో హాలోవీన్ రాత్రి పిల్లలు వేషాలేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ తిరుగుతారు. వాళ్ళ ఊరు డిమోయిన్‌లో దానికొక షరతుంది. గుమ్మంలో నిలబడి పిల్లలు జోకు చెప్పాలి. చెప్పందే చాక్లెట్ రాదు. వాళ్ళబ్బాయి కోరీకి ఒకటే జోకు వచ్చు. అదీ తిరగేసి చెప్పేవాడు.

"గోడలోంచి వచ్చేస్తుంది కాబట్టి! ఇప్పుడు చెప్పండి, దయ్యం తలుపెందుకు తట్టదు?"

ఎన్నిసార్లు దిద్దినా జవాబే ముందు. ఆరేళ్ళవాడు. చలికోటు మీదికి కూడా పట్టేలా మార్లిస్ తెల్లదుప్పటి కత్తిరించి దయ్యం వేషం వేస్తే, వీధి వీధంతా అదే జోకు చెప్పి సంచి నింపుకొచ్చాడు. ఆ చలికాలమే మెదడువాపు జ్వరంతో పోయాడు.

ఆ తర్వాత మార్లిస్‌కి దయ్యాల పిచ్చి పట్టింది.

పాత జైలు, మూతబడ్డ సినిమాహాలు, వాడకం లేని రైలు వంతెన, ఊరి చుట్టుపక్కల ఎక్కడ దయ్యం ఉందన్నా ఆవిడ వెళ్ళాల్సిందే. దయ్యం దగ్గరికొస్తే ఎర్రగా వెలిగే యంత్రం ఒకటి కొంది. అది ఎక్కువగా ఫ్రిజ్ పక్కన వెలిగేది. "మన ఇంటి దయ్యానికి ఆకలెక్కువ," అనేది.

చీకట్లో ఆవిడ కారు నడపదు. డ్వేనేమో అప్పటికి కొడుకు దిగులుతో నెలల తరబడి మంచం మీదే ఉన్నాడు. ఆవిడ కారు తాళాలు తెచ్చి అతని దుప్పటి మీద పడేసింది. "నువ్వు రాకపోతే నేనే నడుపుతా. ఏ గుంటలోనో పడి నేనే దయ్యాన్నవుతా. అప్పుడు నువ్వొక్కడివే వెతుక్కో."

ఏం చేస్తాడు? లేచాడు. గడ్డం గీసుకుని కారు తీశాడు.

ఇళ్ళకి వేడి అందించే గొట్టాలు బాగుచేయడం డ్వేన్ పని. జైలు గోడలో టకటకమంటున్నది ఏమిటో వినగానే తెలిసిపోయేది. నోరు మెదిపేవాడు కాదు. ఆవిడ కళ్ళు మూసుకుని వింటుంటే టార్చి పట్టుకుని నిలబడేవాడు. పాపం డ్వేన్ కాబట్టి భరిస్తున్నాడు అని వీధంతా అనుకునేది.

మరుసటి హాలోవీన్‌కి మార్లిస్ గిన్నె నిండా చాక్లెట్లు పోసుకుని కూర్చుని, ఇవాళ వాడొస్తాడంది. రాకపోతే ఈ మనిషి ఏమైపోతుందోనని డ్వేన్ భయపడ్డాడు. బీరువాలోంచి ఒక తెల్లదుప్పటి తీశాడు. కళ్ళకి చిల్లులు పెట్టి, తనతో పనిచేసే ఒకతని కొడుక్కి కప్పాడు. జోకు తిరగేసి చెప్పడం నేర్పాడు.

అందరికంటే చివర్న వచ్చిన ఆ బుల్లి దయ్యాన్ని చూసి మార్లిస్ ఏడ్చింది, నవ్వింది, గిన్నెడు చాక్లెట్లూ వాడి సంచిలో పోసేసింది. చాలాకాలం తర్వాత ఆ పూట ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేశారు.

అప్పటినించీ ఏటా ఒక పిల్లాడు, ఒక దుప్పటి. "మేజోళ్ళు మింగే వాషింగ్ మిషన్ల గురించి విన్నాను. మనది దుప్పట్లు మింగుతోంది," అని గొణుక్కుంటూ మార్లిస్ ప్రతి సెప్టెంబరులో కొత్త తెల్లదుప్పట్లు కొనుక్కొచ్చేది.

ఈసారి పిల్లాడికి జ్వరం. డ్వేన్ తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. ఎవరి పిల్లలు వాళ్ళ వీధుల్లో తిరుగుతారన్నారు.

సాయంత్రం పిల్లలు గుంపులుగా వచ్చి వెళ్ళారు. ఒక్కొక్క ఇంటి ముందు దీపం ఆరిపోతోంది. ఇక రావద్దని గుర్తు. మార్లిస్ ఖాళీ అవుతున్న గిన్నె, ఆ యంత్రం ఒళ్ళో పెట్టుకుని తలుపు దగ్గరే కూర్చుంది.

"ఆర్పేద్దామా?" అన్నాడు డ్వేన్, ఆవిడ ముఖం చూడకుండా.

"ఉండు. వాడిదంతా నీ పోలిక. నువ్వెప్పుడైనా టైముకొచ్చావా?"

నిజం చెప్పేద్దామనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా.

తలుపు చప్పుడైంది.

గుమ్మంలో బుల్లి దయ్యం. కోటు మీద కప్పిన దుప్పటి ఉబ్బెత్తుగా ఉంది.

"గోడలోంచి వచ్చేస్తుంది కాబట్టి. ఇప్పుడు చెప్పండి, దయ్యం తలుపెందుకు తట్టదు?"

మార్లిస్ ఎప్పటిలాగే ఏడ్చింది, నవ్వింది, గిన్నె బోర్లించింది. డ్వేన్ గోడకి ఆనుకుపోయాడు. ఆ దుప్పటి తను కత్తిరించింది కాదు. ఈ ఏడు ఆ జోకు తను ఎవరికీ నేర్పలేదు.

దయ్యం మెట్లు దిగింది. కోటైనా లేకుండా డ్వేన్ వెనకాలే పరుగెత్తాడు. రోడ్డు వారన, రాలిన ఆకుల్లో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళూ గొట్టాల చప్పుడని తెలిసి ఊరుకున్న మనిషి, రెండు చేతులూ చాపాడు.

"కోరీ," అన్నాడు. "ఒక్కసారి ముఖం చూపించు నాన్నా."

దుప్పటి పైకి లేచింది. ఎదురింటి పాప టెస్సా. బుగ్గలో చాక్లెట్. అతని కళ్ళ నీళ్ళు చూసి దాని ముఖం చిన్నబోయింది.

"తప్పు చెప్పానా అంకుల్? జవాబే ముందు చెప్పాలంది కదా ఆంటీ."

డ్వేన్ చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"పోనీ మళ్ళీ వచ్చి చెప్తాలే," అంది టెస్సా, "ఇవాళ దయ్యం రాకపోతే డ్వేన్ అంకుల్ మళ్ళీ మంచం దిగడని మధ్యాహ్నం ఆంటీ మా అమ్మ దగ్గర ఒకటే ఏడుపు."