పుల్లయ్య దాచిన పాస్‌పోర్టు

సంచిలో ఉండాల్సిన పాస్‌పోర్టు లేదు.

నతానియేల్ బట్టలన్నీ తీసి దులిపాడు. బూట్లలో చెయ్యి పెట్టి చూశాడు. లేదు.

ఇంకో పావుగంటలో అతను క్లబ్బు ఆఫీసులో సంతకం పెట్టాలి. అది 1990 ఆగస్టు ఒకటో తేదీ.

పద్దెనిమిదేళ్లకే కువైట్‌లో బాస్కెట్‌బాల్ ఆటగాడి ఉద్యోగం. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం క్లబ్బు పేరు మీదికి మారుతుంది. అందరిదీ వెళ్లినట్టే అతని పాస్‌పోర్టూ క్లబ్బు బీరువాలోకి వెళ్లాలి. అది ఇస్తేనే సంతకం.

కాకినాడలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. పదో తేదీకి విమానం టికెట్టూ ఉంది. ఆ చదువు వదులుకోవడానికి అతనికి ఒక్క నిమిషం పట్టలేదు.

తల్లి కరుణమ్మకు అంత కూడా పట్టలేదు. ఆమె కువైట్‌లోనే అహ్మది పట్నంలో నర్సు. భర్త పోయాక పిల్లవాణ్ణి అమలాపురంలో తన తల్లి దగ్గర వదిలి, ఎనిమిదేళ్లు ఇక్కడ ఒంటరిగా బతికింది. మూడేళ్ల కిందటే తెచ్చుకుంది. మళ్లీ పంపడమంటే ఆమెకు ప్రాణం పోయినంత పని.

వద్దన్నవాడు ఒక్కడే. క్లబ్బులో నేల తుడిచే పుల్లయ్య. రాయచోటి వైపు మనిషి, యాభై దాటాయి. నెల రోజులుగా ఎదురుపడినప్పుడల్లా అదే మాట.

“ఆడుకుంటా సదువుకో నాయనా. సదువు ఇడిసిపెట్టి ఆడబాకు. మోకాళ్లను నమ్ముకోని ఎన్నాళ్లుంటావు?”

అడగని సలహా ఎవరికి రుచిస్తుంది? నతానియేల్ నవ్వేసి ఊరుకునేవాడు.

ఈరోజు నవ్వలేదు. బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చింది పుల్లయ్య ఒక్కడే.

అడిగితే తల వంచుకున్నాడు. తీశాననలేదు, తియ్యలేదనలేదు. జేబులు వెతికారు, పక్క దులిపారు. దొరకలేదు. శనివారం లోపు పాస్‌పోర్టు తెస్తేనే సంతకమని, అతన్ని ఏరి క్లబ్బుకు తెచ్చిన కోచ్ సమీర్ చెప్పేశాడు.

“నేల తుడిచేవాడివి, ఆట గురించి నీకేం తెలుసు?” అన్నాడు నతానియేల్.

సంగతి తెలిసి కరుణమ్మ క్లబ్బుకు ఫోన్ చేసింది. పుల్లయ్యను పిలిపించి, పరాయి బిడ్డ నోటికాడ కూడు లాక్కున్న దొంగవని తిట్టింది. అతను చివరిదాకా విన్నాడు. ఫోన్ పెట్టేసి మళ్లీ నేల తుడవడానికి వెళ్లాడు.

తెల్లారేసరికి ఇరాక్ ట్యాంకులు కువైట్‌లోకి వచ్చేశాయి.

వారం తిరక్కుండా సైనికులు క్లబ్బులో దిగారు. ఆఫీసు తగలబడింది. బీరువాలోని పాస్‌పోర్టులన్నీ బూడిదయ్యాయి.

సెప్టెంబరులో అహ్మది నుంచి ఒక బస్సు కుదిరింది. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు. పాస్‌పోర్టు ఉన్నవాళ్లనే ఎక్కించుకుంటారట. లేనివాళ్లు ఎంబసీ కాగితం వచ్చేదాకా ఆగాలట. అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కరుణమ్మ కొడుకును వదిలి కదలనంది.

బస్సు రేపనగా మధ్యాహ్నం తలుపు చప్పుడైంది.

పుల్లయ్య. తనుండే ఖైతాన్ పేట నుంచి ఆ ఎండలో నడిచి వచ్చాడు. ఒక చెప్పు తెగి చేతిలో ఉంది.

నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టాడు.

“నేనే తీసినానమ్మా. బీరువాలోకి పోతే మల్లా మన చేతికి రాదు. పిల్లోని విమానం దినం ఇద్దామనుకుంటి. ఇన్నాళ్లూ మిలిట్రీవాళ్లు దోవన పోనీలే.”

“మరి మీదండీ?”

“నాది ఆ బీరువాలోనే ఉన్నెమ్మా. కాలిపాయ. కాగితం వస్తే నేనూ వస్తాలే.”

కరుణమ్మ మంచినీళ్లిచ్చింది. లోపలికి రమ్మనలేదు. ఎంతైనా దొంగతనం దొంగతనమే అనిపించింది ఆమెకు. నతానియేల్ గదిలోంచి బయటికే రాలేదు.

పుల్లయ్య ఆ గది వైపు కాసేపు చూశాడు. గ్లాసు గడప పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

నర్సయి ఉండి ఆ మనిషి కాళ్లకేసి చూడలేదు ఆమె. ఆ మాట తల్చుకుని తర్వాత ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు.

జోర్డాన్ ఎడారి గుడారాల్లో తొమ్మిదో రోజున కోచ్ సమీర్ కనిపించాడు. ఈజిప్టు మనిషి. అతనూ తన దేశం పోతున్నాడు.

పుల్లయ్యకు కాగితం వచ్చిందా అని అడిగాడు నతానియేల్. క్షమాపణ చెప్పుకోవాలని దారంతా అనుకుంటూనే వచ్చాడు.

కోచ్ ఇసుకలో కూలబడ్డాడు. ఖైతాన్‌లో రొట్టెల కోసం జనం వరసకట్టారట. సైనికులు కాల్పులు జరిపారట. వరసలో పుల్లయ్య ముందున్నాడట. తనే మరో ఇద్దరి సాయంతో పూడ్చి వచ్చానన్నాడు.

కరుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“బయటికొచ్చి ఒక్కమాట మాట్లాడలేదమ్మా నేను,” అన్నాడు నతానియేల్. అంత పొడుగు మనిషీ తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

కాస్త తేరుకున్నాక, కోచ్ వైపు తిరిగి, మీరు కనిపెట్టిన ఆటగాణ్ణి అతను బతికించాడు సార్ అన్నాడు.

కోచ్ తల అడ్డంగా ఊపాడు.

“నిన్ను కనిపెట్టింది నేనని అందరితో చెప్పుకున్నాను. నిజం కాదు. చదువయ్యేదాకా, నాలుగేళ్లు నీ చోటు ఉంచమని అతను బతిమాలాడు. నేనే ఒప్పుకోలేదు.”

కోచ్ ఇసుక దులుపుకుని లేచాడు.

“అహ్మదిలో ఒక పిల్లవాడు ఆడుతున్నాడు, అలాంటి చేతులు ఇరవై ఏళ్లలో చూడలేదని రెండు నెలలు నా వెంటపడి, చివరికి ఒక శుక్రవారం నన్ను నీ ఆట దగ్గరికి తీసుకొచ్చినవాడు పుల్లయ్య.”