వెన్న కడుపు కదిలేదాకా

పిల్లికి కడుపు కదిలేదాకా పనిమనిషి ఇంటికి పోవడానికి వీల్లేదని అమ్మగారు పొద్దున్నే తేల్చి చెప్పేసింది.

పిల్లి పేరు వెన్న. తెల్లగా, బొద్దుగా ఉంటుంది. గదికో ఇసుక ట్రే ఉంది దానికి. రెండు మూడు రోజులుగా ఏ ట్రేలో కూర్చున్నా ముక్కడమే తప్ప ఏమీ కావడం లేదు. దాని మూలుగు చంటిపిల్ల ఏడుపులా ఇల్లంతా పాకుతోంది.

సాయంత్రం దాకా ఇంటివైద్యం చేసి చూడమనీ, అప్పటికీ కాకపోతే ఎత్తుకు రమ్మనీ పశువుల డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పింది. నూనె మాత్రం బలవంతంగా నోట్లో పొయ్యొద్దంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే పిల్లి దక్కదట.

పనిమనిషికి వెన్నంటే ప్రాణమే. కానీ ఆ ఇంట్లో చీకటి పడేదాకా ఉండడమంటేనే భయం.

నడవా చివర ఒక తలుపుంది. మిగతా తలుపులన్నీ బార్లా తెరిచే ఉంటాయి. అదొక్కటి మూసి ఉంటుంది. అటు వెళ్లాల్సి వస్తే ఆమె పళ్లు బిగించి, చూపు దించుకుని గబగబా దాటేస్తుంది. ఆ తలుపు ఇంట్లోవాళ్లనేమీ చెయ్యదు. ముందు పనిచేసినామె మాత్రం ఒకరోజు దాన్ని తీసిందట. మర్నాటి నుంచి ఈ వీధిలో కనబడలేదట. గేటు దగ్గరి వాచ్‌మన్ చెప్పాడీ మాట. ప్రతిదానికీ ఇకిలించే మనిషి, ఇది చెప్పి నవ్వలేదు.

పనిలో చేరిన నాటినుంచీ ఆమె ఈ ఇంట్లో గుక్కెడు మంచినీళ్లు ముట్టలేదు. టీ ఇచ్చినా వద్దంటుంది.

“ఏం పిల్లా, ఇందులో మందేమన్నా కలిపానా?” అని అమ్మగారు ఎగతాళి చేస్తే తల వంచుకుని అంట్లు తోముకుంటుంది.

అమ్మగారు సోఫాలో కూర్చుని ఫోన్‌లో వైద్యాలు చదువుతోంది. ఈమె చేస్తోంది. గుమ్మడికాయ ముక్క ఉడికించి, ఉప్పూ గిప్పూ వెయ్యకుండా మెత్తగా మెదిపి, చెంచాడు తిండిలో కలిపింది. వెన్న వాసన చూసి మొహం తిప్పుకుంది. కోడి ఉడికించిన నీళ్లు కాస్త కలిపితే అప్పుడు నాకింది. ఎండు గింజల తిండి ఎత్తేసి తడి తిండి పెట్టింది. బంతి దొర్లించి, దాని వెనక తనూ దొర్లినంత పనిచేసి, గదంతా పరిగెత్తించింది.

నీళ్లు పారుతూ ఉంటే పిల్లి ఎక్కువ తాగుతుందట. అలాంటి గిన్నె తెప్పించారు. ప్లగ్గు పెట్టగానే గలగలమంది. ఆ చప్పుడుకి ఆమె ఒళ్లంతా జలదరించింది. గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. అప్పుడు వినబడింది, నడవా చివర ఆ తలుపు వెనక కూడా నీళ్లే. చుక్క. కాసేపాగి ఇంకో చుక్క. అమ్మగారు తలెత్తి కూడా చూడలేదు. ఆ చప్పుడు తననొక్కదాన్నే పిలుస్తున్నట్టుంది.

అమ్మగారు గట్టిగా చదివింది. “దానికి చాటు కావాలట. చాటు లేకపోతే ఆపుకుంటుందట. ఆపుకున్నకొద్దీ లోపల పాడైపోతుందట. పాపం, నోరులేని జీవి.”

పనిమనిషి తలూపింది. నుదుటి మీద చెమట పట్టింది.

ట్రేని పరదా చాటుకి జరిపింది. గోరువెచ్చటి అరచేత్తో వెన్న పొట్ట గుండ్రంగా నిమిరింది. రాయిలా ఉంది. నిమురుతూంటే తన కడుపులోనూ ఎవరో పిడికిలి బిగించినట్టయింది.

కిటికీలో వెలుతురు తగ్గింది. వెన్న ఉన్నట్టుండి లేచి నడవాలోకి పోయి, సరిగ్గా ఆ తలుపు ముందు కూర్చుంది. రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తోంది. పిలిచినా రాదు. ఎత్తుకురావడానికి పనిమనిషి వెళ్లక తప్పలేదు. తలుపు కింది సందులోంచి చల్లటి గాలి పాదాలకి తగిలింది. మోకాళ్లు వాటంతటవే దగ్గరికి ముడుచుకున్నాయి.

“రావే తల్లీ,” అని గొణిగింది. “నువ్వు కానిస్తేనే నేను బయటపడేది.”

దాన్ని ఎత్తుకొచ్చి ట్రేలో దించింది. పరదా చాటున ఇసుక గీరిన చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు. అమ్మగారు కూడా ఊపిరి బిగబట్టింది. ఆఖరికి వాసన వచ్చింది.

అమ్మగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యగారికి ఫోన్ చేసింది, చెల్లెలికి చేసింది, డాక్టరమ్మకి ఫోటో పంపింది. పనిమనిషి ట్రే ఎత్తి, కడిగి, ఆరబెట్టింది. ఇక వెళ్లమన్నట్టు అమ్మగారు చెయ్యి ఊపింది.

వీధి గుమ్మం ఎదురుగానే ఉంది. అది దాటితే గేటు, గేటు దాటితే బస్సు. రెండడుగులు వేసి ఆగిపోయింది. కాళ్లు మాట వినలేదు. అవే వెనక్కి తిరిగి ఆమెను నడవాలోకి లాక్కుపోయాయి. ముందు పనిచేసినామె గుర్తొచ్చింది. అయినా చెయ్యి వెళ్లి గడియ మీద పడింది.

అడుగుల చప్పుడే లేకుండా ఎప్పుడొచ్చిందో, అమ్మగారు వెనకే నిలబడి ఉంది. ఆవిడ భుజం మీద వెన్న హాయిగా గుర్రుమంటోంది.

“బాత్‌రూం ఇంట్లోవాళ్లకి మాత్రమేనని పనిలో చేరిన రోజే చెప్పాను కదే.”