నక్క పెట్టిన కొత్త పోటీలు

మా అడవిలో గుమ్మడికాయ పట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను గుద్దుకుంటూ పరిగెత్తే పోటీలు ఏనుగులే నడిపేవి. తమ జట్టు వదిలినవాళ్లను అవి మళ్లీ చేర్చుకోవు. అయినా నక్క పొగిడేసరికి పంది ఏనుగుల జట్టు వదిలేసి, నక్క కొత్త పోటీల్లో చేరింది. పొగిడితే పంది ఎటైనా వస్తుంది.

మొదటి ఆట రోజు పందికి ముద్ద దిగలేదు. అలా జరగడం అదే మొదటిసారి.

"చూడ్డానికి ఎవరూ రాకపోతే నా గతేంటి మావా?"

"వస్తారులే అల్లుడూ," అంది నక్క.

మధ్యాహ్నానికి అడవంతా వచ్చింది. పంది ఊపిరి పీల్చుకుంది.

ముందున్న కుంటి దున్న, "ఏనుగులు నన్ను తీసేశాయి. ఇక్కడ నాది ఏ జట్టు?" అంది. ముసలి ఎలుగూ అదే అడిగింది. ఎన్నడూ ఆడని కుందేలు కూడా అడిగింది. నక్క అందరినీ చేర్చుకుంది.

పంది ప్రేక్షకుల కోసం వదిలిన ఖాళీ గట్టు వైపు చూసి, "మరి చూసేదెవరు మావా?" అంది.

నక్క గట్టు చూపించి, "నువ్వెళ్లి కూర్చో," అంది.