బాణం గుర్తు

"ఇందులో ఫోటోలు లేవమ్మా," అన్నాడు స్టూడియో ఆయన, పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తూ.

"‘పాప’ అని ఫోల్డర్ కనిపిస్తోంది కదండీ!"

"దాని మూలన బాణం గుర్తు చూడండి. ఇది ఉత్త షార్ట్‌కట్. అడ్రసు రాసుకొచ్చారు గానీ ఇల్లు అక్కడే ఉండిపోయింది. మీ కంప్యూటర్లోంచి మళ్లీ కాపీ చేసుకు రండి."

ఆమె పాప పోయి ఏడాదైంది. ఆమె ఆ కంప్యూటర్ ముందు నుంచి లేవడం లేదని, అందులోవన్నీ చెరిపేసి ఎవరికైనా ఇచ్చేస్తానని భర్త పొద్దున పట్టుబట్టాడు. పాప మాటెత్తితే చాలు, లేచి బయటికి వెళ్లిపోయే మనిషి. ‘నేను కాపీ చేసుకున్నా, ఇక మీ ఇష్టం’ అని చెప్పి వచ్చేసింది.

వెంటనే భర్తకి ఫోన్ చేసింది.

"ఏవండీ, చెరిపేశారా?"

అవతల మౌస్ నొక్కిన చప్పుడు.

"చెప్పండీ! నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. నేను తెచ్చింది ఉత్తదే!"

"ఎక్కడ చెరిపాను?" అన్నాడు. "నువ్వెళ్లినప్పట్నుంచీ ఒక్కొక్కటే చూస్తున్నా. ఇంకా పాపకి పళ్లయినా రాలేదు."

ఆమె పెన్‌డ్రైవ్ తీసి సంచిలో వేసుకుంది.

"అక్కడే ఆగండి," అంది. "మిగతావి నేనొచ్చాక చూద్దాం."